నత్తగుల్లలో కరెంటు: ఆళ్లగడ్డ పిల్లోడి చెవి దాకా వచ్చిన కథ

నంద్యాల నుంచి కడప వైపు బస్సులో పోయేవాళ్లకు ఆళ్లగడ్డ వచ్చిందని ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్డు పక్కన రాతి దుమ్ము, సగం చెక్కిన దేవుళ్లు, దాంతోపాటు మిషన్ రాయిని కోసే ఆ కీచు శబ్దం. బస్సులో నిద్రపోయే పిల్లలు కూడా ఆ శబ్దానికి ఉలిక్కిపడి లేస్తారు.

ఇప్పుడు ఆ షెడ్డు పక్కనే ఏడాదిన్నర పిల్లోడు ఇసుకలో ఆడుకుంటున్నాడనుకోండి. మిషన్ ఆన్ అయింది. వాడు తల తిప్పలేదు. వాళ్లమ్మకు అనుమానం వచ్చింది. రాత్రి ఇంట్లో ఆ మాట ఎత్తితే అవ్వ ఏమంటుంది? "ఏం కాదులేమ్మా, వాళ్ల నాయనకూ మూడేండ్లు నిండినాకనే మాటలొచ్చినాయి. వీడికీ వస్తాయి." అవ్వది ప్రేమే, కాదనను. కానీ ఆ ఒక్క మాట వల్ల ఆ పిల్లోడికి ఏం పోతుందో ఈ ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.

ఎందుకంటే అట్లాంటి పిల్లోడి చెవి లోపలికి సన్నటి తీగ పంపి, చిన్న చిన్న కరెంటు సిగ్నళ్లతో నరాల కణాలను కదిలించి, శబ్దం వినిపించే పరికరం ఉంది. పేరు కాక్లియర్ ఇంప్లాంట్. మన ప్రభుత్వాలు లక్షల ఖర్చు పెట్టి ఉచితంగా చేయిస్తాయి కూడా. బతికున్న కణంతో ఎలక్ట్రానిక్స్ మాట్లాడటం అంటే సైన్స్ ఫిక్షన్ అనుకుంటాం గానీ, మన ఆరోగ్యశ్రీ ఫైళ్లలో అది ఎప్పటినుంచో ఉంది. అది అక్కడిదాకా ఎట్లా వచ్చిందో తెలియాలంటే 200 ఏళ్లకు పైగా వెనక్కి, ఇటలీకి పోవాలి.

1780లలో బొలోన్యా అనే ఊళ్లో లుయీజీ గాల్వానీ అని ఒక డాక్టరు ఉండేవాడు. చచ్చిన కప్ప కాళ్ల మీద ప్రయోగాలు చేసేవాడు. నరానికి కరెంటు తగిలితే ఆ చచ్చిన కాలు టపీమని తన్నేది. 1791లో దీని మీద పుస్తకం అచ్చువేశాడు. జీవుల్లోనే కరెంటు ఉంది అన్నాడు. అదే దేశంలోని అలెస్సాండ్రో వోల్టా మాత్రం ఒప్పుకోలేదు. కరెంటు కప్పది కాదు, దాన్ని ముట్టుకున్న రెండు రకాల లోహాలది అన్నాడు. ఆ పంతం మీదే 1800లో బ్యాటరీని లోకానికి చూపించాడు. అంటే మీ ఫోన్‌లో ఉన్న బ్యాటరీకి ముత్తాత, కప్ప కాలు మీద జరిగిన గొడవలో పుట్టాడన్నమాట. తమాషా ఏంటంటే ఇద్దరూ సగం సగం కరెక్టే.

ఆ వోల్టాయే ఇంకో పని చేశాడు. రెండు లోహపు కడ్డీలు తన రెండు చెవుల్లో పెట్టుకుని, బ్యాటరీకి కలిపాడు. దాదాపు 50 వోల్టులు. తలలో ఒక్క కుదుపు. ఆ తర్వాత చిక్కటి ద్రవం ఏదో కుతకుతా ఉడుకుతున్నట్టు శబ్దం వినబడింది. మళ్లీ ఆ ప్రయోగం జోలికి పోలేదాయన. మీరూ పోకండి, దయచేసి! కానీ చూడండి, బయట శబ్దం ఏమీ లేదు. గాలి కదల్లేదు. అయినా మనిషికి వినబడింది. ఈ కథకు అసలు విత్తనం అదే.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకు పోతా. యూట్యూబ్‌లో కొన్ని వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి. ఫలానా హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ రాత్రంతా వింటే మీ శరీరంలో కణాలు బాగైపోతాయి, జబ్బులు పోతాయి అని. అట్లా కావు. నరాల కణానికి సిగ్నల్ ఇవ్వాలంటే సరైన చోట, సరైన మోతాదులో, సెకనులో కొన్ని లక్షల వంతుల టైమింగ్‌తో ఇవ్వాలి. దానికి మనుషులు పడ్డ పాట్లు వింటే ఆ వీడియోలు ఎంత తేలికగా కోస్తున్నాయో మీకే తెలుస్తుంది.

సరే, నరాల కణం కరెంటుకు ఎందుకు స్పందిస్తుంది? అసలు ఆ కణమే ఒక బుల్లి బ్యాటరీ. ఊరికే ఉన్నప్పుడు దాని లోపలికీ బయటికీ మధ్య సుమారు మైనస్ 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. గోడ గడియారంలో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టు కదా, అందులో దాదాపు ఇరవయ్యో వంతు. కణం గోడకు బుల్లి తలుపులు ఉంటాయి. బయటి నుంచి సరిపడా కరెంటు తగిలి ఆ తేడా కొంచెం తగ్గితే తలుపులు తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూసుకొస్తుంది, పక్క తలుపు తెరుచుకుంటుంది, దాని పక్కది తెరుచుకుంటుంది. అట్లా వరసగా సిగ్నల్ మెదడు దాకా పోతుంది. మనం బయటి నుంచి చేసేది మొదటి తలుపు తట్టడమే. మిగతాదంతా కణం సొంత పని.

ఇంక చెవి. లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన భాగం ఉంటుంది, అదే కాక్లియా. దాంట్లో సన్నటి రోమాలున్న కణాలు ఉంటాయి. మెదడుకు శబ్దాన్ని అందించే ముఖ్యమైన కణాలు ఒక్కో చెవిలో సుమారు 3,500 మాత్రమే. గుల్ల మొదట్లో ఉన్నవి కీచు శబ్దాలను, కొసన ఉన్నవి బొంగురు శబ్దాలను పట్టుకుంటాయి. హార్మోనియం మెట్లు వరసగా ఉన్నట్టే. శబ్దం ఆ గుల్లలో ఎట్లా ప్రయాణం చేస్తుందో కనిపెట్టినందుకు గేయోర్గ్ ఫాన్ బేకేషీకి 1961లో నోబెల్ ఇచ్చారు. ఈ కణాలు పోతే మళ్లీ రావు. కోళ్లకు మొలుస్తాయి, ఇది నిజం. నాటుకోడికి ఉన్న అదృష్టం మనకు లేదు. ఇయర్‌ఫోన్స్ ఫుల్ వాల్యూమ్‌లో పెట్టుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

పుట్టుకతో వినబడని పిల్లల్లో చాలామందికి ఈ రోమాల కణాలే పనిచేయవు. వాటి వెనక ఉన్న నరం మాత్రం బాగానే ఉంటుంది. అంటే ఇంటి వరకూ వైరు ఉంది, మీటర్ దగ్గరే కనెక్షన్ లేదు. మరి మనమే నేరుగా వైరుకు కరెంటు ఇస్తే?

ఆ పని మొదట మనిషి మీద చేసింది ప్యారిస్‌లో, 1957 ఫిబ్రవరి 25న. ఆంద్రే జూర్నో అనే పరిశోధకుడు కాయిల్ తయారు చేశాడు, షార్ల్ ఎయిరియే అనే సర్జన్ దాన్ని పెట్టాడు. జబ్బు వల్ల రెండు చెవులూ పోయిన ఒక పెద్దాయన పేషెంటు. ఆయనకు చిమ్మెటల్లాంటి చప్పుళ్లు వినబడ్డాయి, ప్రాక్టీసు మీద కొన్ని చిన్న మాటలు గుర్తుపట్టగలిగాడు. కొన్నాళ్లకు కాయిల్ పాడైంది. రెండోది పెట్టారు, అదీ పాడైంది. మూడోసారి చేయనన్నాడు సర్జన్. ఇద్దరికీ చెడింది. కథ అక్కడితో ఆగిపోవాల్సిందే.

ఆగలేదు, ఎందుకంటే ఆ వార్త అచ్చయిన కాగితం ముక్క అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ అనే చెవి డాక్టరు చేతికి చేరింది. దాన్ని తెచ్చిచ్చింది ఇంకో డాక్టరు కాదు, ఆయన దగ్గరికి వచ్చిన ఒక పేషెంటు. 1961లో హౌస్ మొదటి ఆపరేషన్లు చేశాడు. అప్పటి పరికరాలను శరీరం ఒప్పుకోక తీసేయాల్సి వచ్చింది. అయినా వదల్లేదు. పెద్ద పెద్ద సైంటిస్టులు వెక్కిరించారు. వాళ్ల లెక్క కూడా తప్పేం కాదు. చెవి నరంలో దాదాపు 30,000 పోగులు ఉంటాయి, నువ్వు ఒకే ఒక్క తీగ పెట్టి ఏం వినిపిస్తావు అని. హౌస్ పెట్టిన ఒక్క తీగతో మాటలు స్పష్టంగా రాలేదు. కానీ కుక్క మొరిగిందనీ, హారన్ మోగిందనీ తెలిసింది, పెదాల కదలికతో కలిపి చూస్తే మాటలు అర్థం చేసుకోవడం తేలికైంది. అమెరికా ప్రభుత్వం 1984లో పెద్దవాళ్ల కోసం అనుమతి ఇచ్చిన మొదటి కాక్లియర్ ఇంప్లాంట్ హౌస్‌దే.

నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన మనిషి ఇంకొకాయన. గ్రేమ్ క్లార్క్, ఆస్ట్రేలియా. వాళ్ల నాన్న మందుల షాపు నడిపేవాడు, ఆయనకు చెవులు సరిగా వినబడవు. కస్టమర్లు తమ జబ్బు పేరు గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చేది. ఆ ఇబ్బంది చూస్తూ పెరిగిన కొడుకు చెవి డాక్టరయ్యాడు. ఒకటి కాదు, చాలా ఎలక్ట్రోడ్లు పెట్టాలి, అప్పుడే ఒక్కో చోటికి ఒక్కో స్వరం అందుతుంది అన్నాడు. డబ్బుల్లేవు. టీవీలో విరాళాల కార్యక్రమం పెట్టి కూడబెట్టారు.

ఇంకో చిక్కు. రెండున్నర చుట్ల గుల్లలోకి తీగ గోడను చీల్చకుండా ఎట్లా పోతుంది? 1977లో సెలవులకు సముద్రం ఒడ్డుకు పోయినప్పుడు ఒక గుల్ల ఏరుకుని, గడ్డిపరకలు దాంట్లోకి తోస్తూ కూర్చున్నాడు. మొదలు గట్టిగా, కొస మెత్తగా ఉన్న పరక అయితే సులువుగా చుట్లు తిరిగి లోపలికి పోయింది. తీగనూ అట్లాగే చేశాడు. చూడండి, ఇంత పెద్ద టెక్నాలజీకి పరిష్కారం గడ్డిపరకలో దొరికింది.

1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో రాడ్ సాండర్స్ అనే ఆయనకు ఆపరేషన్ జరిగింది. కారు ప్రమాదంలో వినికిడి పోయిన మనిషి. మొదట్లో పరికరం ఆన్ చేస్తే ఏమీ వినబడలేదు. వెతికితే వైరింగ్‌లో లోపం. అది సరిచేసి ఒక ట్యూన్ పంపారు, జాతీయ గీతం. సాండర్స్ లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆ గదిలో ఇంకే పరీక్ష అవసరం లేదు కదా!

అదే కాలంలో వియన్నాలో ఇంగెబోర్గ్ హోక్‌మైర్ అనే ఇంజనీరు, ఆమె భర్త ఎర్విన్ కలిసి ఇంకో పరికరం తయారు చేశారు. 1991లో బ్లేక్ విల్సన్ అసలు మెలిక విప్పాడు. ఎలక్ట్రోడ్లన్నీ ఒకేసారి కరెంటు ఇస్తే లోపల ద్రవంలో సిగ్నళ్లు కలగాపులగం అయిపోతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి, అతివేగంగా, ఎవరి వంతు వాళ్లకు ఇచ్చి చూశాడు. మాటలు ఒక్కసారిగా స్పష్టమయ్యాయి. క్లార్క్, హోక్‌మైర్, విల్సన్ ముగ్గురికీ 2013లో లాస్కర్ అవార్డు వచ్చింది.

ఇప్పుడు మన వైపు వద్దాం. ఇక్కడ కథ మొదలయ్యేది ఆసుపత్రిలో కాదు, విశాఖపట్నంలో టార్పెడోలు తయారు చేసే చోట. 1969లో పెట్టిన నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లాబొరేటరీ, అందరూ ఎన్‌ఎస్‌టీఎల్ అంటారు. వరుణాస్త్ర టార్పెడో అక్కడిదే. టార్పెడో అంటే ఏంటి? నీళ్లలో బోలెడంత రొద మధ్య శత్రువు చప్పుడు ఒక్కటే ఏరి పట్టుకునే ఆయుధం. రొదలోంచి పనికొచ్చే శబ్దాన్ని వేరుచేయడం కాక్లియర్ ఇంప్లాంట్‌కూ కావాలి. అబ్దుల్ కలాం ప్రోత్సాహంతో, డాక్టర్ వి. భుజంగరావు నాయకత్వంలో ఆ ల్యాబు తక్కువ ధరకు స్వదేశీ కాక్లియర్ ఇంప్లాంట్ తయారు చేసే పనికి దిగింది. కలాంకు ఇట్లాంటివి కొత్త కాదు. హైదరాబాద్‌లో క్షిపణుల పనిలో ఉన్నప్పుడే నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోల ఇనుప కాలిపట్టీలు ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణికి వాడే తేలికపాటి పదార్థంతో 300 గ్రాముల పట్టీలు చేయించాడు. డాక్టర్ సోమరాజుతో కలిసి చేసిన స్టెంట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది.

కానీ నిజం నిజంగా చెప్పుకోవాలి. విశాఖ పరికరం గురించి వార్తలు చాలాసార్లు వచ్చాయి, ఆశలు చాలా పెట్టుకున్నాం. ఇవాళ్టికీ మన పిల్లల చెవుల్లో పెట్టేవి ఎక్కువగా ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, అమెరికాలో పుట్టిన కంపెనీల పరికరాలే. వరుణాస్త్రం నీళ్లలోకి దిగినంత సాఫీగా మన ఇంప్లాంట్ ఆపరేషన్ థియేటర్లలోకి రాలేదు. ఈ విషయంలో నాకు బాధ ఉంది, దాచుకోను.

పరికరం బయటిదైనా, దాన్ని పేదింటికి చేర్చింది మాత్రం మన దగ్గర పథకమే. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. కాక్లియర్ ఇంప్లాంట్‌ను, దాంతోపాటు మాటలు నేర్పే థెరపీని కూడా చిన్నపిల్లల కోసం అందులో పెట్టారు. ఆ పథకం పెట్టిన ముఖ్యమంత్రి 2009 సెప్టెంబర్ 2న హెలికాప్టర్ కూలి చనిపోయింది మన నల్లమలలోనే. ఆత్మకూరు దగ్గర నల్లకాల్వలో స్మృతివనం చూసే ఉంటారు. తర్వాత ప్రభుత్వాలు మారాయి, పథకం పేరూ మారింది. కేంద్రం కూడా 2014 నుంచి ఏడిప్ పథకం కింద ఏటా కొంతమంది పిల్లలకు ఒక్కో పరికరానికి ఆరు లక్షల దాకా ఇవ్వడం మొదలుపెట్టింది. వయసు పరిమితులు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి ఈ వీడియో నమ్ముకుని కూర్చోకుండా, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.

ఇంతకీ వయసు పరిమితి ఎందుకు? డబ్బు మిగుల్చుకోవడానికేనా? కాదు. ఇక్కడే మన అవ్వ మాట దగ్గరికి వస్తున్నాం.

ఎలక్ట్రోడ్ నరాన్ని తట్టగలదు. కానీ ఆ తట్టడం అంటే "అమ్మ" అని అర్థం చేసుకోవాల్సింది మెదడు. పుట్టిన మొదటి ఏళ్లలో మెదడులో శబ్దం కోసం కేటాయించిన చోటు ఖాళీగా ఉంటే, చూపు లాంటి మిగతా పనులు మెల్లగా దాన్ని ఆక్రమించుకుంటాయి. కొలనులో ఖాళీ జాగా ఉంటే తామర పరుచుకున్నట్టు. అను శర్మ అనే పరిశోధకురాలు, ఆమె బృందం పిల్లల మెదడు తరంగాలు కొలిచి చూశారు. మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెట్టిన పిల్లల్లో ఎక్కువమందికి మెదడు స్పందన కొన్ని నెలల్లోనే మామూలు పిల్లల స్థాయికి వచ్చింది. ఏడేళ్లు దాటాక పెడితే చాలామందిలో ఆ స్థాయికి రాలేదు. అదే ఆపరేషన్, అదే పరికరం, అదే కరెంటు. "మూడేండ్లు నిండినాక మాటలొస్తాయిలే" అని ఆగిన ఇంట్లో ఏం పోయిందో ఇప్పుడు అర్థమైంది కదా.

కాబట్టే నాకు "కరెంటుతో కణాలను కంట్రోల్ చేయడం" అనే మాట మీద కొంచెం అభ్యంతరం ఉంది. కంట్రోల్ చేస్తున్నది నరం చివర మాత్రమే. ఆ తర్వాత బతిమాలుకోవడమే. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు పరికరం ఆన్ చేస్తారు. ఆ రోజు పిల్లలు ఉలిక్కిపడే వీడియోలు మనం అందరం షేర్ చేస్తాం, బాగుంటాయి. వీడియోలో కనిపించనిది దాని తర్వాత వచ్చే ఏళ్లు. వారం వారం థెరపీ, మధ్యమధ్యలో సిగ్నల్ మోతాదు సరిచేసే మ్యాపింగ్. ఇంట్లో అమ్మ బియ్యం ఏరుతూ, అన్నం పెడుతూ రోజంతా పిల్లోడితో మాట్లాడుతూనే ఉండాలి. ఆళ్లగడ్డ నుంచి పెద్ద ఊరికి పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, పైన బస్సు చార్జీలు. రాయి చెక్కే ఇంట్లో అది చిన్న లెక్క కాదు.

మేనరికాల సంగతీ చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. పుట్టు చెవుడులో చాలా భాగం జన్యువుల వల్ల వస్తుంది. తల్లిదండ్రులిద్దరికీ బాగానే వినబడుతుంది, కానీ ఇద్దరిలోనూ ఒకే లోపం ఒక్కో కాపీ దాగి ఉంటుంది. రెండూ బిడ్డలో కలిస్తే వినికిడి పోతుంది. మామను, బావను చేసుకున్న ఇళ్లలో అట్లా కలిసే అవకాశం ఎక్కువ. రాయలసీమలో ఇది ఎవరింట్లోనూ కొత్త కాదు, మా ఇంట్లోనూ కాదు. తప్పు ఎవరిదని వెతకడానికి చెప్పట్లేదు. అట్లాంటి ఇంట్లో బిడ్డ పుడితే ఇంకాస్త ముందే పరీక్ష చేయించండని చెప్తున్నా. ప్రపంచమంతా చూసినా వెయ్యి మంది పుడితే ఒకరి నుంచి ముగ్గురికి పుట్టు వినికిడి లోపం ఉంటుంది. మొదటి పరీక్ష పేరు ఓఏఈ. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న బిరడా లాంటిది పెడతారు, నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. అందులో అనుమానం వస్తే బెరా పరీక్ష. బెరాలో తల మీద అతికించిన ప్యాచ్‌లు నరం సిగ్నల్‌ను చదువుతాయి. గాల్వానీ కప్ప కాలులో చూసిన కరెంటే అది, ఇక్కడ మనం పంపట్లేదు, వింటున్నాం. నెలలోపు పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలు, ఇదీ డాక్టర్లు చెప్పే లెక్క. 2013లో వచ్చిన ఆర్‌బీఎస్‌కే కార్యక్రమంలో పుట్టు చెవుడు కూడా ఉంది. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అడగడానికి మనకు చోటు లేదని అనలేం.

ఒక్క మాట. ఇంప్లాంట్ లేనివాళ్లు ఏదో తక్కువ అని కాదు. సైగల భాష నిండైన భాష, దానికి వ్యాకరణం ఉంది, అందులో జోకులూ ఉన్నాయి. ఇంప్లాంట్‌ను ఇష్టపడని బధిరులు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్ల వాదన విన్నాక నాకు ఒకటి అర్థమైంది. బిడ్డకు మాటైనా రావాలి, సైగైనా రావాలి. ఐదేళ్లు ఏ భాషా లేకుండా గడిచిపోవడమే అన్నిటికంటే ఘోరం.

చివరగా, ఎవరూ చెప్పని ఖర్చు. లోపల పెట్టిన భాగానికి బ్యాటరీ ఉండదు. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ నుంచి, అయస్కాంతంతో అతుక్కున్న కాయిల్ ద్వారా చర్మం మీదుగానే కరెంటు, సిగ్నల్ రెండూ లోపలికి పోతాయి. ఆ బయటి భాగం పిల్లలది, కిందపడుతుంది, తడుస్తుంది, కేబుల్ తెగుతుంది. ఒక కేబులే వేలల్లో ఉంటుంది, ప్రాసెసర్ లక్షల్లో. ఆపరేషన్ ఉచితంగా అయి, వారంటీ అయిపోయాక కేబుల్ కొనలేక బీరువాలో పెట్టేసిన ఇళ్లు ఉన్నాయి. లోపల ఎలక్ట్రోడ్ బాగానే ఉంది, నరం బాగానే ఉంది, మాటలు నేర్చుకుంటున్న పిల్లోడు మళ్లీ నిశ్శబ్దంలోకి పోయాడు. మీ ఊళ్లో అట్లాంటి పిల్లలు ఉంటే కామెంట్లలో పేర్లు పెట్టకండి. ముందు వాళ్ల అమ్మానాన్నలను తీసుకుని, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి పోయి స్పేర్ పార్టులకు ఏ పథకం వర్తిస్తుందో అడగండి. ఫోన్ వాడటం వాళ్లకంటే మీకు బాగా తెలుసు, అప్లికేషన్ నింపడానికి ఒక గంట ఇవ్వండి.

వచ్చే ఎపిసోడ్‌లో గుండెకు కరెంటు ఇచ్చిన వాళ్ల కథ, పేస్‌మేకర్ గురించి. అంతవరకు ఉంటా మరి.